పిల్లల బియ్యం ఏ కార్డులో ఉన్నాయి?

2025 ఏప్రిల్ 24న బడికి వేసవి సెలవులు మొదలయ్యాయి. పాప సంచీ మూల పడేసి గంతులేసింది. నాకు మాత్రం ఆ రోజు నుంచే లెక్కలు మొదలయ్యాయి. అప్పటిదాకా మధ్యాహ్నం పూట బడిలోనే కడుపు నిండేది. వారంలో ఐదు రోజులు గుడ్డు, కొన్ని రోజులు రాగి జావ, కొన్ని రోజులు చిక్కీ. జూన్ 12 దాకా ఆ పూట కూడా మా ఇంట్లోనే వండాలి.

వండడానికి బియ్యం ఏవి? మా అమ్మ రైస్ కార్డులో, అంటే రేషన్ కార్డులో, ఉన్నవి రెండే పేర్లు, అమ్మది, తమ్ముడిది. నెలకి మనిషికి ఐదు కిలోల చొప్పున పది కిలోలు వస్తాయి. తినేది ఐదుగురం. రోజుకి కిలోంపావు వేసుకున్నా ఎనిమిది రోజులకే అయిపోతాయి. తర్వాత కొనుక్కోవాల్సిందే. నేను రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తాను. షెడ్డుకి సరుకు రాని రోజు కూలి ఉండదు.

నాకూ, ఆరేళ్ల పాపకీ, నాలుగేళ్ల బాబుకీ ప్రభుత్వం బియ్యం ఇవ్వక కాదు. మా ముగ్గురి పదిహేను కిలోలూ వశిష్ఠ ఒడ్డున, మా అత్తవారి ఊళ్లో, అత్తయ్య కార్డులో ఉన్నాయి. మేముంటున్నది గౌతమి ఒడ్డున, మా పుట్టింట్లో. మా ఆయన పోయాక పని దొరికేది ఇటువైపే కాబట్టి వచ్చేశాను. గొడవ పడి రాలేదు.

మే నెలలో బియ్యం బండి వీధిలోకి వచ్చింది. బండి అబ్బాయికి సంగతి చెబితే, "మీ కార్డు మీద రాష్ట్రంలో ఎక్కడైనా తీసుకోవచ్చక్కా, వేలు పెట్టండి" అన్నాడు. మెషీన్లో చూస్తే అత్తయ్య, మామయ్యలతో కలిపి మా ఐదుగురి పేర్లూ ఉన్నాయి, పాతిక కిలోలు. వేలు చాపాను. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. నేను తీసుకుంటే అక్కడ ఆ ముసలివాళ్లిద్దరికీ ఆ నెల గింజ రాదు. కార్డు మీద ఎవరి వేలు ముందు పడితే వాళ్లే పట్టుకెళ్లిపోవచ్చు. నాలాంటి ఇళ్లలో ఇది ఎంత చిచ్చు పెడుతుందో ఆ రోజు అర్థమైంది.

ఏడాదికి పైగా రైస్ కార్డుల్లో మార్పులకి దరఖాస్తులే తీసుకోలేదు. ఆ మే నెలలోనే మళ్లీ మొదలుపెట్టారు. ముందు అత్తయ్యకి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. పాతిక పదవుతాయి కదా మరి. చివరికి, "పిల్లల తిండి పిల్లల దగ్గరుండాలి కదమ్మా. నేను వచ్చి చెబుతాలే" అంది. గ్రామ సచివాలయానికి మామయ్యని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

నాలాగా కార్డు విడదీసుకోవాల్సిన వాళ్లకి ఒక మాట. కార్డు కంటే ముందు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ విడదీయాలి. సచివాలయం రికార్డుల్లో మనం ఏ కుటుంబం కింద ఉన్నామో అది మారితే తప్ప కార్డు కదలదు. నేను ఆ సంగతి తెలియక ఒక రోజు కూలి పోగొట్టుకున్నాను. ఆ తర్వాత 24 రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే రసీదు ఇచ్చారు. దాని మీదున్న నంబర్ జాగ్రత్తగా దాచుకోవాలి, ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతారు. 21 రోజుల్లో తేలుతుందన్నారు.

ఈకేవైసీలో, అంటే వేలిముద్రని ఆధార్‌తో సరిచూసేటప్పుడు, పాప వేలు పడలేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు తీయించిన నీలం ఆధార్‌లో అసలు వేలిముద్రలే ఉండవట. ఐదేళ్లు నిండగానే వేయించాలి, ఏడేళ్ల లోపు దానికి డబ్బు తీసుకోరు. ఆ పని ఒక పూటలో అయిపోయింది. నా వేళ్లకే కష్టమైంది. ఐసులో రొయ్యలు వలిచి వలిచి గీతలు అరిగిపోయాయి. రెండు రోజులు పని మానేసి, కొబ్బరి నూనె రాసుకుని వెళ్తే నాలుగోసారికి పడింది.

అంతా అయిందనుకుంటే ఆరు అంచెల పరిశీలనలో దరఖాస్తు ఆగిపోయింది. పల్లెలో నెలకి పది వేల లోపు ఆదాయం, మాగాణి మూడెకరాల లోపు, కారు ఉండకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, ఇలా చూస్తారు. నా పేరు మీద 300 దాటిందట! మా అమ్మ ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. తీరా చూస్తే ఆయన ఉన్నప్పుడు మేం అద్దెకున్న ఇంటి మీటరుకి నా ఆధార్ ముడిపడి ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఏసీలు పెట్టుకున్నారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కరెంటు నేను వాడింది కాదు, ఆ మీటరు నాది కాదు. నా పిల్లల బియ్యం మాత్రం దానికే ఆగాయి. ఇంటి ఓనరుగారు మంచివారు, కరెంటు ఆఫీసుకి స్వయంగా వచ్చి ఆ మీటరుకి తన ఆధార్ ఇచ్చారు. నాది తీసేసినట్టు కాగితం తీసుకుని సచివాలయంలో మళ్లీ ఇచ్చాను. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గిన్నెలూ మంచాలూ లెక్క చూసుకున్నట్టే మీటరు సంగతీ చూసుకోండి.

ఈ తిరుగుళ్లలో మమ్మల్ని నిలబెట్టింది అంగన్‌వాడీ. టీచరమ్మ కార్డు అడగలేదు. "బాబుని పంపించమ్మా, చాలు" అంది. అక్కడ వాడికి అన్నం, గుడ్డు, పాలు. జూన్ 12న బడి తెరిచాక పాపకీ అక్కడే భోజనం. ఆ ఏడాది నుంచి బడిలో సన్న బియ్యం. ఆ భోజనానికి మా కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలన్న వాళ్లందరికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు. సీతమ్మ గారు వచ్చినవాళ్లని ఏ ఊరని, ఏ కార్డని అడగలేదు. బడీ, అంగన్‌వాడీ ఆ దారిలోనే ఉన్నాయి. పిల్ల కళ్లెదుట ఉంటే పెడుతున్నాయి. ఇంటి బియ్యం కూడా పిల్ల ఎక్కడుంటే అక్కడికి రావాలని నా కోరిక.

ఆగస్టు మొదటి వారంలో మా ముగ్గురి పేర్లతో కార్డు పడింది. అప్పటికి బండ్లు ఆపేసి మళ్లీ డిపోలోనే ఇస్తున్నారు. కాటా మీద పదిహేను కిలోలు చూసి పాప సంచీ నోరు తనే పట్టుకుంది. ఇంటికొచ్చాక అమ్మ చేటలో పోసి, తేడాగా ఉన్న గింజలు ప్లాస్టిక్ బియ్యమని ఏరబోయింది. ఆపాను. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపినవి. పిల్లలకి రక్తం పట్టడానికి వేసినవే చెరిగి పారేస్తే ఎలా?

నాకు మిగిలిన బెంగ అత్తయ్య వాళ్ల గురించే. ఇద్దరికీ డెబ్బై దాటాయి, డిపో దాకా నడవలేరు. 65 ఏళ్లు దాటిన వాళ్లకి ఇంటికే తెచ్చివ్వాలి. ఆ సంగతి వాళ్లకి తెలియదు. అక్కడి డీలరుకి నేనే ఫోన్ చేసి ఇద్దరి వయసూ చెప్పాను. నెలాఖరులో ఒక సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది.

"పది కిలోలూ గుమ్మంలోనే కొలిచి ఇచ్చాడమ్మా. పిల్లలు తిన్నారా?"