అమ్మమ్మ గోంగూర పచ్చడి, నా మొదటి ఎడిటింగ్

ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ గోంగూర పచ్చడి నూరుతుంటే ఫోన్‌లో 40 నిమిషాలు తీశాను, దాన్ని 5 నిమిషాలకు కుదిద్దామని డావిన్చి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వేసుకుని కూర్చున్నాను.

మర్నాడే టెన్షన్. క్లిప్పులున్న పెన్‌డ్రైవ్ తీసేసి ప్రాజెక్ట్ తెరిస్తే స్క్రీనంతా ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్' అని. మొత్తం పోయిందనుకుని ఏడుపొచ్చింది. పోలేదు. ప్రాజెక్ట్‌లో వీడియో ఉండదు, అది ఎక్కడుందో మాత్రమే రాసి ఉంటుంది, కాబట్టి ముందు క్లిప్పులన్నీ లాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

4కె క్లిప్పులు ఆగి ఆగి ఆడుతుంటే ప్రాక్సీలు చేసుకున్నాను, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు.

నాకు బాగా నచ్చింది మాత్రం జె కట్. బొమ్మ మారకముందే తర్వాతి షాట్ శబ్దం వినిపించడం. ఖాళీ పెరడు కనిపిస్తుండగానే రోట్లో పచ్చడిబండ చప్పుడు మొదలవుతుంది, రెండు సెకన్లాగి అమ్మమ్మ చేతులు, పచ్చడి అంటిన గాజులు. ఆడియో, వీడియోల లింకు తీసేసి తర్వాతి షాట్ ఆడియో మొదలయ్యే అంచుని కాస్త ఎడమకి లాగడమే, కానీ ఎంత లాగాలో తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

చూశాక అమ్మమ్మ, "ఉప్పేసింది ఎందుకు తీసేశావే?" అంది. మళ్లీ పెట్టాను.