పోసే విమానం: ఆగ్రా 78 స్క్వాడ్రన్ గురించి

2020 జులై 29న రఫేల్ ఫైటర్లు (యుద్ధ విమానాలు) మొదటిసారి అంబాలాలో దిగిన రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. దారిలో 30 వేల అడుగుల ఎత్తులో ఫ్రెంచ్ ట్యాంకర్ దగ్గర, అంటే గాల్లోనే వేరే విమానాలకి ఇంధనం పోసే విమానం దగ్గర, అవి ఇంధనం పట్టుకుంటున్న ఫోటోలు అప్పటికే అందరి ఫోన్లలో తిరిగాయి. నేను రఫేల్‌ని జూమ్ చేసి చూస్తుంటే పక్కన కూర్చున్న మావయ్య అన్నాడు, "ఏటిరా, తాగేదాన్నే చూత్తావు, పోసేదాన్ని చూడవేటి?"

మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాక టెక్కలి దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాడు. సర్వీసులో కొన్నేళ్లు ఆగ్రాలో చేశాడు. మన మొదటి ట్యాంకర్ స్క్వాడ్రన్ (విమాన దళం) అక్కడే 2003లో మొదలైంది. నంబర్ 78. పొట్టిగా మార్స్ అంటారు, మిడ్ ఎయిర్ రీఫ్యూయలింగ్ స్క్వాడ్రన్ అని. ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌లో తయారైన ఇల్యూషిన్ 78 విమానాలు ఆరు కొన్నారు. రెక్కల కింద రెండు, తోక వైపు ఒకటి, మొత్తం మూడు గొట్టాలు వదులుతుందది.

ఈ పని 1923లో అమెరికాలో మొదలైంది. శాన్ డియెగో మీద పై విమానం నుంచి గొట్టం జారవిడిస్తే కింది విమానంలో ఉన్నాయన చేత్తో పట్టుకుని తన ట్యాంకులో పెట్టుకున్నాడు! 1948లో అమెరికా వాళ్లు ఈ పని కోసమే స్క్వాడ్రన్లు పెట్టారు, మరుసటి ఏడాదే లక్కీ లేడీ 2 అనే బాంబర్ ఎక్కడా దిగకుండా 94 గంటల్లో భూమిని చుట్టేసింది, దారిలో నాలుగుసార్లు ట్యాంకర్లు దానికి ఇంధనం పోశాయి. అప్పటి పద్ధతిలో ముందు తాడు అందుకోవాలి, ఆ తాడుతో గొట్టం లాక్కోవాలి. ఇది చదివినప్పుడు నాకు మా వైపు తీరంలోని భావనపాడు బోట్లు గుర్తొచ్చాయి. సముద్రం మీద ఒక బోటుకి డీజిల్ అయిపోతే పక్క బోటువాళ్లు తాడు విసిరి క్యాన్ అందిస్తారు, రెండు బోట్లూ ఒకే అలకి ఒకేలా లేవవు కదా, మరీ దగ్గరికొస్తే గుద్దుకుంటాయి, దూరమైతే తాడు చేతిలోంచి జారిపోతుంది.

ఇప్పుడు గొట్టం చివర గొడుగులాంటి బుట్ట ఉంటుంది. పైలట్లు దాన్ని బాస్కెట్ అనే అంటారు. ఫైటర్ ముక్కు దగ్గర ముందుకి పొడుచుకొచ్చిన ప్రోబ్ అనే గట్టి గొట్టాన్ని అందులో గుచ్చాలి. వినడానికి సులువుగానే ఉంటుంది గానీ, ఫైటర్ దగ్గరికి రాగానే దాని ముందున్న గాలే బుట్టని పక్కకి తోసేస్తుంది, అందుకని బుట్ట వెంట పడకూడదట, ట్యాంకర్‌ని చూస్తూ నిదానంగా ముందుకి రావాలట. కాస్త వేగంగా వచ్చి గుచ్చితే గొట్టం కొరడాలా ఊగుతుంది, ప్రోబ్ విరిగిపోవచ్చు. ఇంధనం ఎక్కేకొద్దీ ఫైటర్ బరువెక్కుతుంది, దానికి తగ్గట్టు పవర్ సర్దుకుంటూ ఉండాలి. అంతసేపూ ట్యాంకర్ పైలట్ వేగం, ఎత్తు మారకుండా నిలబెట్టాలి. మేఘాలున్నా, గాలి కుదుపులున్నా, రాత్రైనా అంతే. నాకైతే ఈ నిలకడే అన్నిటికన్నా కష్టమైన పని అనిపిస్తుంది.

స్క్వాడ్రన్ పెట్టిన మరుసటి ఏడాదే, 2004లో, వీళ్ల అండతో మన జాగ్వార్ ఫైటర్లు అట్లాంటిక్ దాటి అలాస్కా వెళ్లి అమెరికా వాళ్లతో కోప్ థండర్ విన్యాసాలు చేసి వచ్చాయి. 2008లో సుఖోయ్ ఫైటర్లు అమెరికాలోని నెవాడాలో రెడ్ ఫ్లాగ్ విన్యాసాలకి వెళ్లినప్పుడూ వీళ్లే తోడున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం 2018 సెప్టెంబర్ 10. ఆగ్రా నుంచి ట్యాంకర్, గ్వాలియర్ నుంచి తేజస్ లేచాయి. 20 వేల అడుగుల ఎత్తులో మన దేశమే రూపొందించిన ఫైటర్‌కి మొదటిసారి గాల్లోనే 1,900 కిలోల ఇంధనం ఎక్కించారు. అంతకుముందు 4, 6 తేదీల్లో ఇంధనం లేకుండా వట్టిగా కలిపి చూసుకున్నారు. ఆ వార్త మావయ్యకి చదివి వినిపిస్తే "4, 6 తేదీలే అసలు టెన్షన్‌రా, పదో తేదీకి చెయ్యి అలవాటైపోద్ది" అన్నాడు.

నా బాధ ఒకటే. ఇంత పెద్ద ఎయిర్‌ఫోర్స్‌కి ఆరు ట్యాంకర్లేంటి? వాటిలో కొన్ని ఎప్పుడూ రిపేర్లలో ఉంటాయి కాబట్టి లేచేవి ఇంకా తక్కువ. కొత్తవాటి కోసం టెండర్ పిలిచి, ఎయిర్‌బస్ విమానాన్ని ఎంచుకుని, ఖర్చు ఎక్కువని రద్దు చేయడం రెండుసార్లు జరిగింది. ట్యాంకర్ లేకపోతే ఎంత గొప్ప ఫైటరైనా గంటో రెండు గంటలో తిరిగి దిగిపోవాల్సిందే, ఈ సంగతి టీవీల్లో ఒక్కరూ ఎందుకు చెప్పరో నాకర్థం కాదు. ఫోర్స్‌కి వెళ్లాలనుకునే మా వైపు పిల్లలూ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివే పిల్లలతో సహా, ఫైటరే అంటారు, ట్యాంకర్ అన్న పిల్లాణ్ని నేనింకా చూడలేదు.

2025 మార్చిలో మెట్రియా అనే అమెరికా కంపెనీ నుంచి ఒక కేసీ 135 ట్యాంకర్‌ని సిబ్బందితో సహా అద్దెకి తీసుకునే ఒప్పందం కుదిరింది, మన వాయుసేన, నౌకాదళం పైలట్ల ట్రైనింగ్ కోసం. ఆ సాయంత్రమే మావయ్యకి చెప్పాను. అద్దె ఎంతని అడగలేదు, ఏ మోడలని అడగలేదు. "మన పిల్లలకి రాత్రి పూట కూడా నేర్పుతారేటి?" అన్నాడు.