స్టాండీతో విజయనగరం

పొద్దున్నే విశాఖలో పలాస ప్యాసింజర్ ఎక్కాను. చంకలో చుట్టిన స్టాండీ (స్టాలు పక్కన నిలబెట్టే బ్యానరు), ఒళ్లో స్టిక్కర్ల అట్టపెట్టె. విజయనగరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిన కంప్యూటింగ్ కాన్ఫరెన్సుకి మా కంపెనీ స్పాన్సరు. మాది క్లౌడ్ కంపెనీ, అంటే ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు అద్దెకిచ్చేది. నేను స్పాన్సరు తరఫు మనిషిని, అంటే మోతగాణ్ని. కొత్తవలసలో గానీ సీటు దొరకలేదు.

స్టేషన్ బయట ఆటో అతను స్టాండీ చూసి "ఏటి బాబూ, ఏ పార్టీ?" అన్నాడు. కంపెనీదని చెబితే ఆసక్తి తగ్గింది, రేటు తగ్గలేదు.

భోజనాలు, బయటినుంచి వచ్చే వక్తల టికెట్లు, బస అన్నీ స్పాన్సర్ల డబ్బుతోనే. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని మెట్లు. మెట్టెక్కేకొద్దీ బ్యానరు మీద లోగో పెరుగుతుంది. ఊళ్లో నగల కొట్టాయన్నీ అడిగారట. ఆయన కాగితం చూసి, "ఇప్పుడు ప్లాటినం కంటే బంగారమే ఖరీదు కదమ్మా, సరిచేసి పట్టుకురండి" అన్నాడట. ఇచ్చింది మాత్రం సిల్వర్.

మావాళ్లలో ఒకరికి ప్రధాన ప్రసంగం అడగమని మేనేజరు చెప్పి పంపాడు. మొహమాటపడుతూనే అడిగాను. "డబ్బు తీసుకున్నది స్టాలుకి సార్, మైకుకి కాదు" అన్నారు కన్వీనర్ మేడం నవ్వుతూ. వచ్చిన పరిశోధన పేపర్లని కూడా, రాసినవాళ్ల పేర్లు తీసేసి, ఇద్దరు ముగ్గురు చదివి ఎంచుతారు. అక్కడ లోగో పనిచేయదు. కావాలంటే భోజనానికి ముందు పావుగంట ఇస్తారు, అదీ 'స్పాన్సర్ ప్రసంగం' అని ప్రోగ్రాం షీట్‌లో వేసి. ఆకలి మీదున్న హాలు! వద్దులెండి అనేశాను. మేనేజరుకి ఇంకా చెప్పలేదు.

స్టిక్కర్లు గంటలో అయిపోయాయి. రెజ్యూమేలు పెట్టెలో నిండాయి. నిజానికి కంపెనీ డబ్బు పెట్టింది వీటికే. గజపతినగరం నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం రెజ్యూమే ఇవ్వలేదు. "సార్, మీ క్లౌడ్‌లో చిన్న వెబ్‌సైట్ పెడితే నెలకి బిల్లెంత?" అని అడిగింది. బ్రోషర్ రెండువైపులా తిప్పి చూశాను. అందులో మేఘం బొమ్మ ఉంది, ధర లేదు. అలా నిలబడే ఉంది పాపం.

సాయంత్రం గంటస్తంభం నుంచి కోట వైపు నడిచి, సంగీత కళాశాల దాకా వెళ్లాను. 1919లో విజయనగరం రాజులు పెట్టించారు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. రాజుగారు స్టాలు అడగలేదు కదా అనుకుంటూ బోర్డు చూస్తే, పేరులోనే 'మహారాజా' ఉంది. ఎంతైనా అసలైన ప్లాటినం స్పాన్సరు.

తిరుగు రైలెక్కి మేనేజరుకి మెసేజ్ పెట్టాను: "చిన్న వెబ్‌సైట్‌కి నెల బిల్లెంత?" అలమండ దాటేసరికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. కొత్తవలస వచ్చినా జవాబు రాలేదు.