పలుకు అన్నం

ఈవాళ కుక్కర్ గాస్కెట్ సాగిపోయింది. ఎంతసేపు చూసినా విజిల్ రాదు, పక్కనుంచి ఆవిరంతా బుసబుసా పోతోంది, తీరా మూత తీస్తే అన్నం పలుకు. అత్తయ్యగారు ఏమీ అనకుండా నీళ్ళు చిలకరించి మళ్ళీ సిమ్‌లో పెట్టారు. చిన్నది మాత్రం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి జరిపేసింది. అన్నం పారేస్తావా అని దానిమీద ఇంతెత్తున లేచాను. మా ఆయన తలెత్తి నావైపు ఒక్క చూపు చూశారు, అంతే. ఆ చూపెందుకో నాకు తెలుసు, అందుకే పదకొండున్నరైనా నిద్ర పట్టక ఇది కొడుతున్నా.

బొలీవియా ఫోటోలు మీకు చూపించేశాగా. ఉయుని అనే ఊరి నుంచి మూడు రోజుల జీపు టూరు, పదివేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉప్పు మైదానం, కాళ్ళకింద తేనెపట్టులా ఆరు పలకల గళ్ళు, అదంతా చెప్పేశా. రెండో రాత్రి సంగతే చెప్పలేదు.

దానికంటే ముందు ఆ ముందు సీటు సంగతి చెప్పాలి, లేకపోతే నాకు ఊపిరాడదు. జీపులో ఆరుగురం, డ్రైవరు. ఆయనే డ్రైవరు, ఆయనే గైడు, ఆయనే వంటమనిషి. మొదటిరోజు పాత రైలింజన్లు తుప్పుపట్టి పడున్నచోట ఆగినప్పుడే అందరం అనుకున్నాం, ఆగినప్పుడల్లా సీట్లు మారదామని. ఒకాయన మాత్రం మోకాలు నొప్పని ముందు సీట్లో కూచున్నాడు, మూడు రోజులూ ఆ సీటు వదల్లేదు. సరే పాపం అనుకున్నా. అదే మోకాలితో ఇంకావాసి దీవి మీద, అదే ఉప్పు మధ్యలో ఉండే కాక్టస్‌ల గుట్ట, అందరికంటే ముందు పైకెక్కి నించున్నాడు! ఏడాదికో సెంటీమీటరు పెరిగే చెట్లట, రెండు మనుషుల ఎత్తు దాటిపోయున్నాయి, వాటిని తీరిగ్గా చూద్దామన్నా నా కళ్ళు ఆయన మోకాలు మీదే. నేను వెనకాల మూడో వరసలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఆ పక్క అద్దం తెరుచుకోదు, దుమ్ము మాత్రం ఎక్కడినుంచో వస్తూనే ఉంటుంది, పైగా ఆ పర్వతాల ఎత్తుకి తలంతా దిమ్ము. మా ఆయన్ని అడగమంటే "పోనీలే, మూడ్రోజులేగా" అన్నారు. ఆ పోనీలేకి ఇంకా కోపం పోలేదు నాకు.

రెండోరోజంతా సరస్సు తర్వాత సరస్సు. సాయంత్రానికి లగూనా కొలరాడా చేరాం. ఎర్రటి నీళ్ళు, మధ్యమధ్య తెల్లగా బోరాక్స్ అనే ఖనిజం దిబ్బలు. ఆ ఎరుపు నీళ్ళలో ఉండే నాచుదట, ఫ్లెమింగోల గులాబి రంగు కూడా అవి తినే తిండిలోంచి వచ్చేదేనట. డ్రైవరు బైనాక్యులర్స్ నాకిచ్చి కాళ్ళు చూడమన్నాడు, పసుపు కాళ్ళవి ఆండియన్, ఇటుక రంగు కాళ్ళవి జేమ్స్ ఫ్లెమింగో. ఈ రెండోది అంతరించిపోయిందనే అనుకున్నారట 1956 దాకా. చాలా బావుంది, నిజంగా.

ఆ రాత్రి బసలో సూప్‌లో మాంసం, తర్వాత లామా మాంసం, లామా అంటే అక్కడి ఒంటె జాతి జంతువు. బుకింగప్పుడే రెండుసార్లు రాశాను మాంసం తిననని, ఏజెన్సీవాళ్ళు అలాగే అన్నారు, డ్రైవరుకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని లోపలికెళ్ళాడు. పొద్దున్నుంచీ స్టీరింగ్ పట్టుకున్న మనిషి, ముప్పావుగంట తర్వాత ఒక ప్లేటు నిండా అన్నం, రెండు ఉడికిన బంగాళాదుంపలు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

పలుకు. 4,300 మీటర్ల ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. మరగడం మరుగుతాయి, బియ్యం ఉడకడానికి ఆ వేడి చాలదు. చిన్న కుక్కర్ పెట్టుకుందాం అని నేనంటే ఇంట్లో అందరూ నవ్వారు కదా! పెట్టుకున్నది కందిపొడి పొట్లం ఒక్కటే, అది కలుపుకుని నాలుగు ముద్దలు నమిలాను. "రికో?" అన్నాడు ఆయన, బావుందా అని. సీ, సీ అన్నాను, అంటే అవునవునని. ఆయన అటు తిరగ్గానే మిగిలిన అన్నం మీద టిష్యూ కప్పేశా.

ఇంతసేపూ సీటాయన గురించి రాస్తున్నా కానీ నన్ను తొలిచేది ఆయన కాదేమో. ఏజెన్సీదే తప్పని ఇందాకటిదాకా అనుకున్నా. తప్పే. కానీ టిష్యూ కప్పింది ఏజెన్సీ కాదు కదా.

మర్నాడు తెల్లారకముందే గీజర్లకి, అదే నేల్లోంచి వేడి ఆవిరి చిమ్మే చోటికి, బయల్దేరాలి. మైనస్ చలి, నాలుగున్నర. నేను బ్యాగు పట్టుకుని బయటికొచ్చేసరికి జీపు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, బానెట్‌కి ఆనుకుని డ్రైవరు గిన్నెలోంచి స్పూనుతో ఏదో తింటున్నాడు. రాత్రి అన్నం. చల్లగా, గట్టిగా అయిపోయినది, కరకర నములుతున్న చప్పుడు కూడా వినపడింది. నన్ను చూసి గిన్నె కింద పెట్టేసి నా బ్యాగు అందుకున్నాడు. అది గిన్నెలో మిగిలిందా, నా ప్లేటులోదా? నాకు తెలీదు. అడిగే భాష రాదు, వచ్చినా అడిగేదాన్ని కాదు.

ఆ తర్వాత గంధకం కంపు, కుతకుతలాడే బురద, లగూనా వెర్దే, అంటే పచ్చ సరస్సు. గాలి లేక ఆ నీళ్ళు ఆకుపచ్చగానే కనిపించలేదు, అదో ఉసూరు. చిలీ సరిహద్దు దగ్గర, అటువైపున్న శాన్ పెద్రో ఊరికెళ్ళే బస్సు రెడీగా ఉంది, రెండు నిమిషాల్లో సామాన్లు మార్చేశారు. మా ఆయన టిప్పు ఇచ్చారు, నేను గ్రాసియాస్, అంటే థాంక్స్, అన్నాను, డ్రైవరు ఒక్కడూ అంతదూరం మళ్ళీ ఉయునికి. టిప్పిచ్చాంగా ఇంకేంటి అంటారు ఈయన.

చిన్నది పాలు తాగి పడుకుంది. దానికి సారీ చెప్పాలా అని ఆలోచిస్తున్నా, ముందు చెప్పకూడదనే అనుకున్నా. అన్నం ఇంకా గిన్నెలోనే ఉంది. పొద్దున్న చింతపండు పులుసు కాచి పులిహోర కలిపేద్దాం, దానికి పలుకుగా ఉంటేనే బావుంటుంది అన్నారు అత్తయ్యగారు.