ఒట్టి ‘కే’

అన్నయ్య మీద కోపంగా ఉంది. కొత్త సంగతేం కాదు, ఇక్కడ రోజూ చదివేవాళ్ళకి తెలిసిందే. అమ్మ కంటి ఆపరేషన్ గురించి మధ్యాహ్నం కూర్చుని పెద్ద మెసేజ్ పెట్టాను. డాక్టరు ఏమన్నారు, ముందే చేయించాల్సిన పరీక్షలేంటి, చుక్కల మందు ఎలా వెయ్యాలి, ఆ వారమే నాకు ఆడిట్ ఎందుకు పడింది, అన్నీ విడమరిచి రాసి చివర్లో ఒక్కటే అడిగాను: ఆ రోజు అమ్మ దగ్గర నువ్వుంటావా, నన్ను ఉండమంటావా? సాయంత్రానికి జవాబొచ్చింది. ‘కే’. ఇంగ్లిష్ అక్షరం, అదీ చిన్నబడిలోది. అంతే.

ఇదా అదా అని అడిగితే ‘అలాగే’ అనడం ఏం జవాబండీ?

“ఒప్పుకున్నాడుగా, ఇంకేం” అన్నారు ఈయన. దేనికి ఒప్పుకున్నాడు అంటే, అది రేపు అడుగు అని అటు తిరిగి పడుకున్నారు. చిన్నది మాత్రం ఫోన్ లాక్కుని చూసి పెద్ద డాక్టరులా తల ఊపింది. వాళ్ళ లెక్కలో ‘ఓకే’ అంటే మామూలు, ‘ఓకేఏఏ’ అంటే సంతోషం, ‘కేకే’ అంటే పనిలో ఉన్నాను, ఒట్టి ‘కే’ అంటే కోపమట. “మావయ్యకి నువ్వంటే మండిందేమో అమ్మా” అని, అప్పటిదాకా లేని టెన్షన్ కూడా అంటించి తను హాయిగా నిద్రపోయింది.

ఓకేతో నాకు పాత తగువు ఒకటుంది. మొదటి ఉద్యోగంలో మా సెక్షన్‌కి ఒక పెద్దాయన ఉండేవారు. ఏ కాగితం పెట్టినా చదివి, కింద ఆకుపచ్చ సిరాతో ‘ఓ.కె.’ అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి పంపేవారు. ఓ తర్వాత చుక్క, కె తర్వాత చుక్క, రెండూ ఎప్పుడూ తప్పేవి కావు. నేను రాసిన మొదటి రిపోర్టు, ఎంత కష్టపడ్డానో, ఎన్ని పాత ఫైళ్ళు తవ్వానో, ఆ టేబుళ్ళ కోసం ఎవరెవరిని బతిమాలానో, అదంతా పోయి ఆయన బల్ల మీద పడింది. తిరిగొచ్చేటప్పుడు అడుగున ఓ.కె. ఇప్పుడు దీన్నెలా అర్థం చేసుకోవాలి? మంజూరు చేశాను పొమ్మనా, ఫరవాలేదు ఏదో ఉందిలే అనా? ఎవరో కుర్చీ మీంచి జారితే ‘ఓకేనా?’ అని పరిగెడతాం, అది ప్రేమ. సినిమా ఎలా ఉందంటే ‘ఓకే’ అంటాం, అది దాదాపు తిట్టు. మాట ఒకటే. పక్క సీటు ఆవిడని అడిగితే సారు ఓకే అంటే ఓకేనే అంది. చివరికి ఉండబట్టలేక ఆయన గదిలోకే వెళ్ళి, బాగుందా సార్ అని అడిగేశాను.

“ఓకే రాశాను కదమ్మా” అన్నారు.

నా మొహం చూసి ఏమనుకున్నారో, కూర్చోమని ఆ మాట పుట్టుక చెప్పడం మొదలుపెట్టారు. అది టెలిగ్రాఫ్ వాళ్ళదట. ‘ఓపెన్ కీ’, అంటే లైను ఖాళీగా ఉంది, పంపొచ్చు అని గుర్తట. అందుకే చుక్కలు పెట్టాలి, చుక్కలు లేకుండా రాసేవాళ్ళకి చరిత్ర తెలీదు అని గట్టిగా చెప్పారు. వేళ్ళతో బల్ల మీద టకటకలాడించి మరీ చూపించారు. నా రిపోర్టు గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. అది బాగుందో లేదో ఈనాటికీ నాకు తెలీదు, ఆయన రిటైరై ఎక్కడున్నారో కూడా తెలీదు.

ఇవాళ ఆ ‘కే’ చూసిన మంటలో కూర్చుని ఈ చరిత్రంతా తిరగేశాను. సారు కథ నిలబడదు. అమెరికాలో టెలిగ్రాఫ్ కనిపెట్టిన మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తన మొదటి తంతి పంపింది 1844లో. ఓకే అంతకు ఐదేళ్ళ ముందే, 1839 మార్చి 23న, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయి ఉంది. అదీ ఎలా? వేళాకోళంగా! అప్పట్లో బోస్టన్ పత్రికల వాళ్ళకి ఒక పిచ్చి పట్టింది, మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు మాటల మొదటి అక్షరాలు తీసి పొడి అక్షరాలు చెయ్యడం. ఆల్ రైట్ అనడానికి ఓ.డబ్ల్యూ., నో యూజ్ అనడానికి కె.వై. అలాంటిదే ఇదీ. ఆల్ కరెక్ట్‌లో ఆల్‌కి ఎ ఉండాలి, కరెక్ట్‌కి సి ఉండాలి. రెండూ తప్పు రాసి ఓ, కె చేశారు. ‘అంతా కరెక్టే’ అని చెప్పే మాటలో రెండక్షరాలుంటే రెండూ తప్పే, వాళ్ళ జోకంతా అదే. పత్రికలో ఆ పేరాగ్రాఫు కూడా గంటలు మోగించడానికి వ్యతిరేక సంఘం అనే ఒక సరదా బృందం గురించి, అంటే ఎక్కడా సీరియస్ అన్నది లేదు. (మా సారు ఇది వింటే ఆకుపచ్చ సిరా పారబోసేవారు. కాకపోతే చుక్కల విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది, బోస్టన్ వాళ్ళూ చుక్కలతోనే అచ్చేశారు.)

మిగతావన్నీ పోయాయి, ఇదొక్కటే బతికింది. దానికి ఎలక్షన్లు కారణం. 1840లో మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్, అందుకని ఓల్డ్ కిండర్‌హుక్ అని ముద్దుపేరు. మనవాళ్ళకి కలిసొచ్చిందని ఆయన పార్టీవాళ్ళు ఓ.కె. క్లబ్బులు పెట్టారు. అవతలివాళ్ళు ఊరుకుంటారా, అసలీ మాట ఆయనకి ముందు పదవిలో ఉన్న ఆండ్రూ జాక్సన్ పుణ్యమనీ, స్పెల్లింగ్ రాక కాగితాల మీద అలా రాసేవాడనీ పుకారు పుట్టించారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, మాట గెలిచింది. తర్వాత ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లుకున్నారు. చాక్టా అనే అక్కడి ఆదివాసీల భాషలోంచి వచ్చిందని నమ్మి, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ కాగితాల మీద వేరే స్పెల్లింగుతో ‘ఓకే’ రాసేవాడట. గ్రీకు వాళ్ళు మాదంటారు. పాత పత్రికలన్నీ తవ్వి బోస్టన్ సంగతి 1960లలో తేల్చింది అలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్.

ఇదంతా చదివాక కోపం కాస్త దిగింది. తప్పుడు అక్షరాల్లోంచి వచ్చిన మాట, అందులో సగం అన్నయ్య కొరికేసి మిగతా సగం నాకు పంపాడు, నవ్వే వచ్చింది. పైగా ఆలోచిస్తే ఈ మాటలో ఉన్న గొప్పంతా అభిప్రాయం చెప్పకపోవడమే. మెచ్చుకోదు, తిట్టదు, చేరింది అంటుంది. ఒక్కోసారి మనిషికి అంతకన్నా అక్కర్లేదు. నాన్న ఐసీయూలో ఉన్న రాత్రి గంటగంటకీ బయట నుంచి ‘ఓకే’ అని పెట్టింది ఈ అన్నయ్యే. ఆ రాత్రి ఇంకో మాట రాస్తే చదవడానికే భయపడేదాన్ని. ఫోన్ మోగడం, ఆ రెండక్షరాలు చూడడం, మళ్ళీ ఊపిరి తీసుకోవడం.

అయితే ఆ రాత్రి కూడా రెండక్షరాలూ టైపు చేశాడు, గమనించాలి. ఇప్పుడేం ముంచుకొచ్చింది? కోపం మళ్ళీ వస్తోంది. రైల్లో ఉన్నాడా, మీటింగులో ఉన్నాడా, వదిన ఏమైనా అన్నదా, ఇన్ని ఆలోచనలు నాకెందుకు పెట్టాలి. గొంతు వింటే అర్ధ సెకనులో తెలిసిపోయేది. ఓకే అనే మాట బతికేదే గొంతు మీద. సాగదీస్తే ఒకటి, తుంచితే ఒకటి, చివర్లో పైకి లేపితే ప్రశ్న. గొంతు తీసేసి ఒట్టి అక్షరం పంపితే, నా మూడ్ ఎలా ఉంటే అదే దాని అర్థం. ఇవాళ నా మూడ్ ఎలా ఉందో మీరు చూస్తూనే ఉన్నారు.

మంచి సంగతి ఒకటి ఉంది, మర్చిపోయేలా ఉన్నాను: చిన్నది సైకిల్ చెయ్యి వదలకుండానే అయినా మలుపు తిప్పేసింది.

కంప్యూటర్ల ఓకే బటన్ సంగతి కూడా ఇవాళే చదివాను. 1980ల మొదట్లో ఆపిల్ వాళ్ళు లీసా అనే కంప్యూటర్ తయారుచేస్తూ ఆ బటన్ మీద మొదట ‘డూ ఇట్’ అని రాశారట. మామూలు జనాన్ని కూర్చోబెట్టి వాడించి చూస్తే, ఒకాయన అది నొక్కకుండా మాటిమాటికీ క్యాన్సిల్ నొక్కుతున్నాడు. ఎందుకయ్యా అంటే, నన్ను ‘డోల్ట్’ అని ఎందుకు తిడుతోంది అన్నాడట, అంటే మొద్దు అని. ఆ అక్షరాల్లో పెద్ద ఐ చూడ్డానికి చిన్న ఎల్ లాగే ఉంది మరి. దాంతో తీసేసి ఓకే పెట్టారు. అక్కడినుంచే మన ప్రాణానికి వచ్చిందన్నమాట. ఇందాక పైన రాసిన దాంట్లో ఒక పేరా పోయింది, మళ్ళీ టైపు చేశాను. ‘సేవ్ కాలేదు’ అని ఒక పెట్టె వచ్చింది, కింద ఒకే ఒక్క బటన్, ఓకే. సేవ్ కాకపోతే ఏం ఓకే? కాదు అనడానికి చోటే లేదు. నొక్కాను, నొక్కకపోతే అది తెర మీంచి కదలట్లేదు.