రెండో ప్రసాదం పొట్లం

జమ్మూలో వైష్ణోదేవి కొండ నడిచి ఎక్కుతానన్న మొక్కు తీరింది. ఇంటికొచ్చి ఐదు రోజులైనా మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. మంచం మీద కూర్చునే రాస్తున్నాను. ఇంకో వారం ఆగితే అమ్మవారి గుహలో కలిగిన ఆ వణుకు మర్చిపోతానేమోనని భయం.

నేను ఈ మొక్కు మొక్కుకున్నది గుళ్ళో కాదు. 2021 జూలైలో, మా బాపట్ల దగ్గర కొత్తపాలెంలో, జెండా కప్పిన పెట్టెను చూస్తూ జనం మధ్య నిలబడి మొక్కుకున్నాను. ఆ పెట్టెలో ఉన్న అబ్బాయి మరుప్రోలు జశ్వంత్ కుమార్ రెడ్డి. 23 ఏళ్ళు. సైన్యంలో మద్రాస్ రెజిమెంట్ 17వ బెటాలియన్‌లో సిపాయి. జమ్మూలో రాజౌరీ జిల్లా సుందర్‌బనీ దగ్గర, దాదల్ అడవుల్లో సరిహద్దు దాటి వచ్చిన తీవ్రవాదుల కోసం గాలిస్తుంటే జూలై 8న ఎదురుకాల్పులు జరిగాయి. చొరబడ్డవాళ్ళలో ఇద్దరు చచ్చారు. మనవాళ్ళలో జశ్వంత్, ఆయనతో పాటు కేరళకు చెందిన నాయబ్ సుబేదార్ శ్రీజిత్ ప్రాణాలిచ్చారు.

మా పెద్దాడిదీ మద్రాస్ రెజిమెంటే, బెటాలియన్ వేరు. అప్పుడు వాడూ జమ్మూ వైపే ఉన్నాడు. వాడు ట్రైనింగ్ అయి బయటికొచ్చినప్పుడు పరేడ్ చూడ్డానికి నీలగిరుల్లో వెల్లింగ్టన్ వెళ్ళాం. 'స్వధర్మే నిధనం శ్రేయః', తన ధర్మం చేస్తూ చావడమైనా మేలే అన్నది తమ రెజిమెంట్ మాట అని చెప్పి, గీతలోదమ్మా అన్నాడు. గర్వంతో పొంగిపోయాను. నిధనం అంటే ఏమిటో కొత్తపాలెంలో ఆ రోజు తెలిసింది.

అంతమంది ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. ఏడుస్తూనే లోపల ఏమనుకున్నానో తెలుసా? 'అమ్మా వైష్ణోదేవీ, నా బిడ్డను మాత్రం క్షేమంగా పంపు. నీ కొండ నడిచి ఎక్కుతాను.' ఇంకో తల్లి కడుపుకోత కళ్ళెదురుగా ఉండగా నా బిడ్డ కోసం నేను అడుక్కున్నాను. ఈ మాట ఇన్నేళ్ళూ మా వారికి కూడా చెప్పలేదు.

మా వాడు సరిహద్దు దగ్గర ఫీల్డ్ డ్యూటీ పూర్తి చేసుకుని, ప్రశాంతంగా ఉండే పీస్ స్టేషన్‌కి వచ్చేశాడు. మొక్కు మాత్రం ఏదో ఒక అడ్డంకితో వాయిదా పడుతూ వచ్చింది. చివరికి ఈసారి ఏదైతే అదయిందని బయల్దేరాం. రెండు రాత్రులు రైల్లో, ఆపైన కొండ కింద కట్రాలో యాత్ర కార్డు కోసం లైను, బాణగంగ దగ్గర ఇంకో లైను. సెలవుల రద్దీ. అందరూ 'జై మాతా దీ' అంటున్నారు, అంటూనే ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో నెట్టుకుంటున్నారు. గుర్రాలవాళ్ళు వెనక నుంచి అరుస్తూ వస్తే గోడకి అతుక్కుపోవాలి. అమ్మవారి దారిలో వెళ్తూ ముసలివాళ్ళను తోసేసే కుర్రకారును చూస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. మా వారు గుర్రం ఎక్కమని నాలుగుసార్లు బతిమాలారు. నడుస్తానని మొక్కుకున్నాను, ఎలా ఎక్కుతాను?

సగం దారిలో వచ్చే అర్ధకువారి దాటాక కుడి మోకాలు పట్టేసింది. అడుగు పడలేదు. దారి పక్క బల్ల మీద కూలబడ్డాను, ఏడుపొచ్చేసింది. అప్పుడు పైనుంచి దిగి వస్తున్న ఒక ముసలి జంట ఆగారు. ఆయన డెబ్భై దాటిన మనిషి, నిటారుగా ఉన్నారు. డోగ్రా రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యారట, ఊరు అఖ్నూర్. ఆవిడ నా పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా, తన సల్వారు పైకి లాగి తన మోకాలికున్న క్రేప్ బ్యాండేజీ విప్పడం మొదలుపెట్టింది. వద్దు బెహన్‌జీ అని చెయ్యి పట్టుకున్నాను. మేం దిగేవాళ్ళం, ఎక్కేదానివి నువ్వు అంది. విప్పిన కట్టు ఇంకా వెచ్చగా ఉంది. ఆవాల నూనె వాసన. మోకాలు కింద నుంచి పైకి, ఒక్కో చుట్టూ బిగించి కట్టింది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు నరకమని తిరిగొచ్చేటప్పుడు తెలిసింది నాకు. ఆవిడకు ముందే తెలిసి ఉంటుంది.

నా వచ్చీరాని హిందీలో అబ్బాయి ఫౌజులో ఉన్నాడని చెప్పాను. ఏ పల్టన్ అన్నారాయన. మద్రాస్ అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "తంబీలు!" అన్నారు. తరవాత చెయ్యి పిడికిలి బిగించి, మెల్లగా, వాళ్ళ యాసలో "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అన్నారు. ఆ కొండ మీద, ఆ డోగ్రా పెద్దాయన నోట మా వాడి రెజిమెంట్ కేక వినేసరికి నా ఒళ్ళు జలదరించింది.

సుందర్‌బనీ ఎక్కడ అని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. లేచి నిలబడి, పొద్దు వాలే వైపు చెయ్యి చాపి చూపించారు. మా ఊరి మీదుగానే ఆ రోడ్డు వెళ్తుంది అన్నారు. నేను ఇన్నాళ్ళూ టీవీలో చూసిన మంచుకొండలు ఊహించుకున్నాను. అటు చూస్తే పైన్ చెట్లు, పొదలు, ఎర్రమట్టి, రాళ్ళు. నేను ఎక్కుతున్న కొండలాంటివే. అప్పుడు జశ్వంత్ గురించి చెప్పాను. "జస్వంత్ సింగ్?" అన్నారు. కాదు, జశ్వంత్ రెడ్డి, మా పక్క ఊరు, శౌర్య చక్ర ఇచ్చారు 2022 జనవరిలో అన్నాను. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నారు, రెడ్డి అన్న మాట సరిగ్గా వచ్చేదాకా. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

పైన గుహ ఉన్న భవన్ చేరేసరికి రాత్రయింది. మళ్ళీ లైను, లాకరు, చెకింగు, లైను. గుహలోకి వెళ్ళాక చల్లటి రాయి, కాళ్ళ కింద తడి. మన గుళ్ళలోలా గోత్రనామాలు చెప్పుకునే వీలు లేదు. పూజారి మూడు పిండీలనూ, అంటే అమ్మవారి రాతి రూపాలను, చూపిస్తున్నారు. కాళి, లక్ష్మి, సరస్వతి. నా వెనకావిడ భుజం మీద చెయ్యేసి తోసింది. నేను రెండే చూశాను. మూడోది చూద్దామనేసరికి మెట్టు దిగిపోయాను. ఇంత దూరం వచ్చింది ఈ రెండు క్షణాల కోసమా అని ప్రాణం ఉసూరుమంది.

కానీ ఆ రెండు క్షణాల్లో ఏమడిగానో చెప్పాలి. రైలెక్కినప్పటి నుంచి 'అమ్మా, నా బిడ్డను కాపాడావు' అని చెప్పాలని మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను. తీరా పిండీల ముందు ఆ మాట రాలేదు. నోట్లోంచి వచ్చింది ఒక్కటే, 'ఆ తల్లి కూడా అడిగే ఉంటుంది కదమ్మా' అని. పైకే అన్నానట. మా వారు బయటికొచ్చాక, ఏ తల్లి అని అడిగారు. అప్పుడు, ఆ తడి మెట్ల మీద కూర్చుని, కొత్తపాలెంలో మొక్కుకున్న మాట మొత్తం ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత లేచి వెళ్ళి ప్రసాదం ఇంకో పొట్లం తీసుకొచ్చారు.

మా పొట్లం ఇరుగుపొరుగుకు పంచేశాం. రెండోది దేవుడి గూట్లో ఉంది. కొత్తపాలెం మా ఇంటికి ఎంతో దూరం కాదు, ఆటోలో అరగంట. నొప్పి కాస్త తగ్గాక శనివారం వెళ్దామని మా వారు అంటున్నారు. జశ్వంత్ వాళ్ళమ్మ చేతిలో ఇది పెడుతూ ఏమనాలో నాకింకా తెలియలేదు. బ్యాండేజీ ఉతికి మడిచి దాని పక్కనే పెట్టాను.