వక్కపలుకులు

ఆదివారం, కార్తీక మాసం. రాత్రి పదిన్నర.

పొద్దున్న ఆరింటికే మెలకువ వచ్చింది. నిన్న సాయంత్రం చెన్నై నుంచి వచ్చిన పెట్టె హాల్లో టీపాయ్ కింద అలాగే ఉంది. రాత్రే విప్పుదామనుకున్నాను గానీ, కరెంటు సామాను దీపాలు పెట్టాక విప్పకూడదని అమ్మ అడ్డుపడింది. అది ఏ శాస్త్రంలో ఉందో అడగలేదు. ఎనభై మూడేళ్ళ మనిషితో శాస్త్రం వాదిస్తే చివరికి మనమే ఓడిపోతాం.

పెట్టెలో ఉన్నది డ్యాక్. కాఫీ ఇస్తూ అమ్మ, "ఏమిటిరా ఇది, రేడియోనా?" అని అడిగింది. కాదన్నాను. "పాడుతుందా?" పాడదు. "మరి?" అంకెలను ధ్వనిగా మారుస్తుందని చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. కానీ నిజానికి చెప్పవలసింది అంతే. సీడీలో పాట ఉండదు, పాట కొలతలు ఉంటాయి. ఎడమ చెవికి సెకనుకు 44,100 కొలతలు, కుడి చెవికి మళ్ళీ అన్ని. ఒక్కో కొలత 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంటుంది. 1982లో సీడీ బజారులోకి వచ్చిన నాటి నుంచీ ఇదే లెక్క. ఆ అంకెల వరసను తిరిగి ఓల్టేజీగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించడమే డ్యాక్ పని. ప్రతి ఫోనులోనూ, టీవీలోనూ అరగోరంత చిప్పు ఒకటి ఈ పని చేస్తూనే ఉంటుంది. ఆ అరగోరు పని కోసమే నేను నాలుగు కిలోల అల్యూమినియం దిమ్మెను లక్షా పద్దెనిమిది వేలు పోసి తెచ్చుకున్నాను. మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం ఈ ఖర్చును 'వైద్యం' పద్దు కింద రాసింది.

ఇది కొనాలని అయిదేళ్ళ కిందటే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, 2020 అక్టోబరులో, జపాన్‌లోని నోబెయోకాలో ఆసాహి కసేయి వారి చిప్పుల కర్మాగారం తగలబడింది. పేరున్న డ్యాకులు చాలావాటిలో వాడే చిప్పులు అక్కడే తయారయ్యేవి. నేను ఎంచుకున్న సరుకు దొరకకుండా పోయింది. తర్వాత అమ్మాయి ఇంజనీరింగు ఫీజులు, అమ్మ మోకాలి ఆపరేషను. ఇన్నాళ్ళకు కుదిరింది.

కార్తీకంలోనే తెప్పించుకోవడానికి కారణం ఉంది. విజయవాడలో ఫ్యాను వేసుకోకుండా హాల్లో కూర్చోగలిగేది ఏడాదికి రెండు మూడు నెలలే. మిగతా రోజుల్లో ఎంత గొప్ప యంత్రం పెట్టినా తలమీద ఫ్యాను చప్పుడు దానికి తాళం వేస్తూనే ఉంటుంది.

తొమ్మిదికల్లా తీగలన్నీ కలిపేశాను. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ, డ్యాక్ నుంచి యాంప్లిఫయర్‌కు రెండు తీగలు, అంతే. ఇంతకాలం కంప్యూటర్ హెడ్‌ఫోను రంధ్రం నుంచే యాంప్‌కు తీగ లాగి వింటున్నాను. అందులో ఒక రోగం ఉండేది. మౌస్ కదిపితే స్పీకర్లలో సన్నగా చీమ పాకినట్టు జర్రుమనేది. ఫ్యాను తిరిగే నెలల్లో తెలియదు, చలికాలంలో తెలుస్తుంది. ఈ రోజు డ్యాక్ పెట్టి వాల్యూమ్ పూర్తిగా పెంచి మౌస్‌ను బల్లంతా తిప్పాను. నిశ్శబ్దం. పాట ఏదీ పెట్టకుండా పది నిమిషాలు ఆ నిశ్శబ్దాన్నే విన్నాను. నా డబ్బుకు వచ్చిన తిరుగులేని లాభం ఇదొక్కటే. ఆ మాట ఎందుకంటున్నానో కింద రాస్తాను.

అమ్మాయి సెలవుకు వచ్చి ఉంది కాబట్టి పరీక్ష పెట్టాము. నేను గోడవైపు తిరిగి కూర్చోవాలి. తను పాత దారి, కొత్త దారి తనకు తోచినట్టు మారుస్తూ ఉంటుంది. ఏది ఏదో నేను చెప్పాలి. కానీ దానికి ముందు ఒక ముఖ్యమైన పని ఉంది. డ్యాక్ నుంచి పూర్తి ధ్వనికి రెండు ఓల్టులు వస్తుంది, కంప్యూటర్ రంధ్రం నుంచి అందులో సగమే. రెండూ అలాగే వింటే కొత్తది కాస్త బిగ్గరగా ఉంటుంది, బిగ్గరగా ఉన్నది మన చెవికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. దుకాణాల్లో జరిగే మాయ సగం ఇదే. అందుకని ఒకే స్వరం అలా మోగిస్తూ, స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరు ముల్లు పెట్టి, రెండు దారులనూ ఒకే ఓల్టేజీకి తెచ్చాను. మల్టీమీటరు పట్టుకుని నేలమీద బోర్లా పడుకున్న నన్ను చూసి అమ్మ, "కరెంటు కదరా, చెప్పులు వేసుకో" అంది.

పది సార్లు విన్నాను. ఆరు సరిగ్గా చెప్పాను.

"బొమ్మా బొరుసా వేసినా అయిదు వస్తాయి నాన్నా" అంది అమ్మాయి. స్టాటిస్టిక్స్ చదివించింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. వయొలిన్ తీగ గీత సన్నబడే చోట, మృదంగం మీద ఎడమచేతి గుమ్కీ నాదం దగ్గర, కొత్తదానిలో ఏదో పొందిక ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఏది మోగుతోందో తెలిసినప్పుడు మాత్రమే అనిపించింది. తెలియనప్పుడు ఆ పొందిక పాతదానిలో కూడా రెండుసార్లు వినిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పను గానీ, డైరీకి అబద్ధం చెప్పి ఏం లాభం?

భోజనాలయ్యాయి. కార్తీకం కనుక ఉల్లి లేదు, ఉసిరికాయ పచ్చడి ఉంది. మా ఆవిడ, అమ్మాయి బీసెంట్ రోడ్డుకు వెళ్ళారు. అమ్మ నడుం వాల్చింది. అప్పుడు తీశాను నాన్న టేపులు.

టేపులంటే టేపులు కావు, వాటి నుంచి 2009లో నేను కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్ళు. నాన్నకు పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వినడం ఒక నియమం. ఈ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైందనీ, భక్తిరంజని ఇక్కడ బాలమురళి చేతుల మీదుగా రూపు దిద్దుకుందనీ సొంత చుట్టాల సంగతిలా చెప్పేవారు. ఎనభైల మొదట్లో ఆయన ఒక మోనో టేప్ రికార్డర్ కొన్నారు. రేడియో నుంచి నేరుగా ఎక్కించే తీగ ఉంటుందని ఆయనకు తెలియదు, తెలిసినా కొనేవారు కాదు. రేడియో ముందు స్టూలు, స్టూలు మీద మడిచిన తువ్వాలు, తువ్వాలు మీద రికార్డర్. ఆ అరగంటా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. వంటింట్లో గిన్నె కింద పెట్టకూడదు. నేను, చెల్లెలు మంచం మీద బొమ్మల్లా కూర్చునేవాళ్ళం. బయటి లోకాన్ని మాత్రం ఆయన ఆపలేకపోయారు. ఒక టేపులో సత్యనారాయణపురం నడిబొడ్డు నుంచి పోయే రైలు కూత పెడుతుంది. ఆ పట్టాలు ఎప్పుడో తీసేశారు, ఇప్పుడు అది బీఆర్‌టీఎస్ రోడ్డు. మా ఇల్లు కూడా అపార్టుమెంటు అయింది.

మీడియం వేవ్ రేడియో, దాని ముందు చవక మైకు, ఆపైన నేను ఎక్కించేనాటికి పాతికేళ్ళకు పైగా బీరువాలో పడి ఉన్న టేపు. దానికి లక్ష రూపాయల డ్యాక్. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. మీడియం వేవ్‌లో ఒక్కో కేంద్రానికి ఇచ్చే జాగా తొమ్మిది కిలోహెర్ట్జ్, అందులో పాటకు దక్కేది దాదాపు సగం. ఆ పైన ఉండవలసిన తళుకు రేడియోలోకి రాకముందే పోతుంది. లేనిదాన్ని ఏ యంత్రమూ తెచ్చి పెట్టలేదు.

ఎవరో ఆడ గొంతు, తత్త్వం పాడుతోంది. కళ్ళు మూసుకున్నాను.

టక్.

కళ్ళు తెరిచాను. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. వెంటనే ఇంకొకటి. పాట మెత్తగా, దుప్పటి కప్పుకున్నట్టు వస్తోంది. ఈ టక్కు మాత్రం పదునుగా, స్పీకరుకు రెండడుగుల ముందు వేలాడుతున్నట్టు వస్తోంది. గుండె జారిపోయింది. ఈ రోగం లక్షణాలు నాకు తెలుసు. కంప్యూటర్ అంకెలను మూటలు మూటలుగా పంపుతుంది, డ్యాక్ వాటిని బఫరులో నింపుకుని తన గడియారం ప్రకారం ఒక్కొక్కటే వదులుతుంది. మేడమీది ట్యాంకు లాంటిది. మోటారు ఎప్పుడు ఆగినా కుళాయి ఒకే ధారగా రావాలి. ట్యాంకు ఖాళీ అయితే కుళాయి ఉమ్ముతుంది. ఆ ఉమ్మే ఈ టక్కు అనుకున్నాను.

యూఎస్‌బీ తీగ మార్చాను. టక్. వేరే రంధ్రంలో పెట్టాను. టక్ టక్. బఫరు పెద్దది చేశాను, వైఫై ఆపేశాను, చివరికి ఫ్రిజ్ కంప్రెసర్ మీద అనుమానం వచ్చి దాని ప్లగ్గు పీకేశాను. గంటన్నర గడిచింది. ఆ టక్కు పాటలో ఒకే చోట వస్తోందా, వేరు వేరు చోట్ల వస్తోందా అన్నది చూడలేదు. పక్కనే పాత దారి ఉంది, దానిలో పెట్టి వినాలనీ తోచలేదు. మధ్యాహ్నం పరీక్షలో ఓడిపోయిన కసి కావచ్చు, కొత్త వస్తువులో తప్పు దొరికిందంటే లోపల ఎక్కడో ఉత్సాహంగా ఉంది. దుకాణం వాళ్ళకు ఉత్తరం కూడా రాయడం మొదలుపెట్టాను. 'అయ్యా, నిన్న అందిన మీ యంత్రం' వరకు వచ్చింది.

అమ్మ లేచి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి వింటోంది. కుడి చెవి సరిగ్గా వినిపించదు కనుక ఎడమ చెవి స్పీకరు వైపు తిప్పింది. "మీ నాన్న టేపా?" అవునన్నాను. చెడిపోయింది అమ్మా, చూడు ఎలా కొట్టుకుంటోందో అన్నాను. టక్.

"చెడిపోవడమేమిటి? అది మీ నాయనమ్మ అడకత్తెర."

నాకు అర్థం కాలేదు. అమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. "స్నానం చేసి వచ్చి రేడియో పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది కదరా. ఒళ్ళో వక్కల డబ్బా. ఇంటిల్లిపాదికీ నోళ్ళు మూయించేవారు మీ నాన్న, వాళ్ళమ్మను మాత్రం ఒక్క మాట అనలేకపోయేవారు. నాకు గిన్నె జారితే ఎంత గొడవ! ఆవిడ మాత్రం టకటకా కత్తిరిస్తూ ఉండేది."

టక్. టక్.

అప్పుడు వెలిగింది. వెలగవలసింది చాలా ముందే. పాట అంత మొద్దుగా, టక్కు అంత పదునుగా ఎందుకుందో నాలాంటివాడికి మొదటి క్షణంలోనే తెలియాలి. పాట రేడియో సన్నని గొట్టంలో నుంచి దూరి వచ్చింది. అడకత్తెర ఆ గొట్టంలో నుంచి రాలేదు. గదిలోనే పుట్టి నేరుగా మైకులో పడింది. టేపు పట్టగలిగినంత పైస్థాయి అంతా దానికి దక్కింది. ఆ రికార్డింగులో అన్నిటికంటే నాణ్యమైన ధ్వని మా నాయనమ్మ వక్కలు కత్తిరించడమే. దాన్ని యంత్రం దోషమనుకుని ఫ్రిజ్ ప్లగ్గు పీకాను.

పాత దారిలో పెట్టి చూశాను. అక్కడా ఉంది. అదే చోట, అంతే పదునుగా. ఏళ్ళ తరబడి ఈ ఫైళ్ళు విన్నాను, ఆఫీసు లెక్కలు చూసుకుంటూ, ఇస్త్రీ చేసుకుంటూ. టేపు నలిగిన చప్పుడు కాబోలని వదిలేసినట్టున్నాను. కనుక దీన్ని డ్యాక్ ఘనత కింద రాయడానికి వీల్లేదు. అది కొన్నాను కాబట్టి గంటన్నర ఇంకే ధ్యాసా లేకుండా విన్నాను, అదొక్కటే దాని ఖాతాలో వేయవచ్చు. మా ఆవిడ పద్దు పేరు సరైనదేనేమో.

"మొదటి నుంచి పెట్టు" అంది అమ్మ. పెట్టాను. ఆమె పాట వినడం లేదు. టక్కుమన్నప్పుడల్లా చూపుడు వేలు కుర్చీ చేతి మీద ఆనిస్తోంది. కొన్నిటి తర్వాత, "ఇది మెత్తని వక్క. రాత్రి నానేసి ఉంటుంది" అంది. ఇంకాసేపటికి, "ఇదిగో, ఇది నాకు" అంది. ఎలా తెలుసని అడిగాను. చివరి రెండు ముక్కలూ చిన్నవిగా చేసి తనకు పెట్టేదట, పళ్ళు నొప్పని. విన్నాను. నిజంగానే చివరి రెండు టక్కులూ దగ్గర దగ్గరగా, కొంచెం తేలికగా ఉన్నాయి. ఆ తేడా నాకు మూడోసారికి గానీ పట్టుబడలేదు. ఈ ఇంట్లో మంచి చెవి ఎవరిదో తేలిపోయింది, అదీ ఒకటే చెవి.

ఆరింటికి వాళ్ళు బజారు నుంచి వచ్చారు. వచ్చీరాగానే మా ఆవిడ, "ఏమండీ, ఫ్రిజ్ ఎందుకు ఆగిపోయింది? పాలు విరిగిపోయి ఉంటాయి" అంది. విరగలేదు. నేను నోరెత్తకుండా వెళ్ళి పెరుగుకు తోడు వేశాను.

ఖాళీ అట్టపెట్టె హాల్లో అడ్డంగా ఉంది. తిరిగి పంపాలంటే పది రోజుల దాకా పెట్టె దాచి ఉంచాలని దుకాణం వాళ్ళ షరతు. అటక ఎక్కించాలా, కిందే ఉంచాలా అని మా ఆవిడ అడిగింది. ఎక్కించమన్నాను.

ఇంకా పదకొండు టేపులున్నాయి. అడకత్తెర మా చెల్లెలి దగ్గర, గుంటూరులో ఉందని అమ్మ అంటోంది. రేపు ఫోను చేసి కనుక్కోవాలి.